వెబ్‌సైట్ పెట్టేశారు సరే, ఇప్పుడు జనం ఎలా వస్తారు?

వెబ్‌సైట్ మొదలుపెట్టిన వారం సందడిగానే ఉంటుంది. చుట్టాలందరికీ లింకు వెళ్తుంది, ఫ్యామిలీ గ్రూపుల్లో చప్పట్లు, దండాలు వరసగా పడతాయి, అమెరికాలో ఉన్న మేనల్లుడు కూడా ఒకసారి తెరిచి చూసి "బాగుంది మామయ్యా" అంటాడు. రెండో వారానికి అదంతా ఆగిపోతుంది. రోజుకు ఇద్దరో ముగ్గురో వస్తారు, వాళ్లలో ఒకరు మీరే. అప్పుడు చాలామంది డిజైన్ బాగాలేదేమో, రంగులు మారుద్దామా అని ఆలోచిస్తారు. చాలాసార్లు సమస్య అది కాదు. మీ సైటు ఉందన్న సంగతి గూగుల్‌కి ఇంకా సరిగా తెలీదు, మీ పాత కస్టమర్లకి అసలే తెలీదు, తెలిసి వచ్చినవాళ్లకి అక్కడ చదవడానికి ఏమీ లేదు. ఈ మూడూ సరిచేస్తే జనం వస్తారు, మెల్లగానైనా వస్తారు.

ఒక వ్యాపారాన్ని పట్టుకుని చెప్తాను, అప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. భూదాన్ పోచంపల్లిలో రెండు మూడు సొంత మగ్గాలు, ఇంకొన్ని ఇళ్ల నుంచి నేయించుకునే చీరలు, రోడ్డు మీద ఒక చిన్న షాపు ఉన్న కుటుంబం అనుకోండి. పిల్లలు పట్టుబట్టి వెబ్‌సైట్ పెట్టించారు. చీరలు బ్రహ్మాండంగా ఉన్నాయి, ధర న్యాయంగా ఉంది, సైటుకి మాత్రం ఎవరూ రావడం లేదు. మీది పచ్చళ్ల వ్యాపారమైనా, ట్యూషన్ సెంటరైనా, బోర్లు వేసే పనైనా దారి ఇదే, ఉదాహరణలు మార్చుకుంటే చాలు.

ముందు గూగుల్ మిమ్మల్ని చూసిందా లేదా

గూగుల్‌లో ఇంగ్లీషులో "సైట్" అని కొట్టి, కోలన్ పెట్టి, మధ్యలో ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు, అంటే మీ సైటు అడ్రసు రాయండి. మీ పేజీలు వరసగా కనపడితే గూగుల్ మిమ్మల్ని చూసినట్టే. ఒక్కటీ కనపడకపోతే కంగారు పడకండి, సైటు పెట్టి కొన్ని రోజులే అయితే అది మామూలే. నెల దాటినా ఏమీ లేదంటే మాత్రం ఎక్కడో తలుపు వేసి ఉంది. వర్డ్‌ప్రెస్‌లో కట్టిన సైట్లలో ఆ తలుపు చాలాసార్లు ఒకే చోట ఉంటుంది. సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే పేజీ అడుగున, సెర్చ్ ఇంజిన్లు ఈ సైటుని చూడకుండా ఉండాలని చెప్పే చిన్న టిక్ బాక్స్ ఉంటుంది. సైటు కడుతున్నప్పుడు సగం పని బయటపడకూడదని డెవలపర్ దాన్ని టిక్ చేస్తాడు, అప్పగించేటప్పుడు తీయడం మర్చిపోతాడు. ఆ ఒక్క టిక్ వల్ల నెలల తరబడి గూగుల్‌లో కనపడకుండా పోయిన వ్యాపారాలు ఉన్నాయి. ముందు అది చూడండి.

తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్. మీ సైటు గూగుల్‌లో ఎలా కనపడుతుందో చూపించే గూగుల్ వాళ్ల సాధనం ఇది. ఇది ఉచితం, ఇది లేకుండా మిగతా పనంతా చీకట్లో చేసినట్టే. మీ డొమైన్ కొన్నచోట డీఎన్‌ఎస్ సెట్టింగ్స్‌లో గూగుల్ ఇచ్చిన ఒక కోడు అతికిస్తే సైటు మీదేనని రుజువైపోతుంది. లోపలికి వెళ్లాక సైట్‌మ్యాప్ అడ్రసు ఇవ్వండి, అది మీ పేజీలన్నిటి జాబితా, వర్డ్‌ప్రెస్, షాపిఫై లాంటివి దాన్ని వాటంతట అవే తయారుచేస్తాయి. ముఖ్యమైన పేజీలకు, అంటే హోమ్ పేజీకీ, నాలుగైదు చీరల విభాగాలకీ, పైన ఉన్న పెట్టెలో ఆ లింకు అతికించి ఇండెక్స్ చేయమని, అంటే తన జాబితాలో చేర్చుకోమని గూగుల్‌ని అడగొచ్చు. అడిగినంత మాత్రాన వెంటనే అయిపోదు, రోజులు పట్టొచ్చు, వారాలూ పట్టొచ్చు. రోజూ వెళ్లి అదే బటన్ నొక్కడం వల్ల వేగం పెరగదు. బింగ్‌కి కూడా ఇలాంటిదే ఒకటి ఉంది, సెర్చ్ కన్సోల్ నుంచి వివరాలన్నీ ఒకేసారి తెచ్చుకుంటుంది కాబట్టి ఆ పదినిమిషాల పని కూడా పూర్తి చేసేయండి.

ఇంకో మాట. డొమైనూ, సైటు ఫైళ్లు ఉండే హోస్టింగూ, సెర్చ్ కన్సోలూ అన్నీ మీ సొంత ఈమెయిల్ మీద ఉండాలి. డెవలపర్ మంచివాడే కావచ్చు, రేపు అతను ఉద్యోగం మారినా ఫోన్ నంబర్ మారినా ఇబ్బంది మీకే. డొమైన్ రెన్యువల్ మెసేజ్ ఎవరికో వెళ్లి సైటు ఆగిపోతే, అప్పటిదాకా పడ్డ కష్టమంతా పోతుంది.

తెలిసినవాళ్లతో మొదలుపెట్టండి

కొత్తవాళ్లని ఎలా రప్పించాలా అని ఆలోచిస్తాం గానీ, మొదటి ఆరు నెలలు సైటుని నిలబెట్టేది పాత కస్టమర్లే. పెళ్లికని మీ దగ్గర అయిదు చీరలు కొన్న ఆవిడకి మీరు వెబ్‌సైట్ పెట్టారని ఎవరు చెప్తారు? మీరే చెప్పాలి.

షాపులో ఉన్నవన్నీ ఒకసారి చూడండి, బిల్లు పుస్తకం, చీర పెట్టే కవరు, విజిటింగ్ కార్డు, షాపు బోర్డు, కౌంటర్ మీద యూపీఐ క్యూఆర్ స్టాండు. వీటన్నిటి మీదా సైటు పేరు ఉండాలి. పేరు చిన్నదైతే పేరే రాయండి, పొడుగైతే క్యూఆర్ కోడ్ పెట్టండి. క్యూఆర్ కింద "స్కాన్ చేయండి" అని వదిలేస్తే ఎవరూ చేయరు, "ఈ వారం మగ్గం దిగిన చీరలు ఇక్కడ చూడండి" అంటే చేస్తారు. ఇంకో సంగతి, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో (గూగుల్ మ్యాపులో మీ షాపు వివరాలు చూపించే పేజీ) పాటు వచ్చే ఉచిత వెబ్‌సైట్‌ని కొన్నేళ్ల క్రితం మీరు వాడి ఉంటే, ఆ సైట్లని గూగుల్ 2024 మార్చిలో మూసేసింది. ఆ పాత అడ్రసు బిల్లుల మీదా బోర్డు మీదా ఇంకా ఉంటే అది ఎక్కడికీ వెళ్లడం లేదు, మార్పించేయండి.

ఇక వాట్సాప్. మన దగ్గర చిన్న వ్యాపారానికి ఇంతకంటే పెద్ద దారి లేదు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పెట్టొచ్చు గానీ, మీ నంబర్ తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. అందుకే బిల్లు ఇచ్చేటప్పుడే "అమ్మా, మా నంబర్ సేవ్ చేసుకోండి, కొత్త చీరలు వస్తే పెడతాను" అని అడగడం అలవాటు చేసుకోండి. మెసేజ్‌లో పాతిక ఫోటోలు కుమ్మరించకండి. రెండు ఫోటోలు, ఒక లింకు, ఆ లింకు నేరుగా ఆ చీరల పేజీకి వెళ్లాలి, హోమ్ పేజీకి కాదు. హోమ్ పేజీకి పంపితే అక్కడ వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది?

లింకు పంపినప్పుడు దాని కింద చిన్న ఫోటో, పేరు వస్తాయి చూశారా, అది ఖాళీగా వస్తే నొక్కేవాళ్లు బాగా తగ్గుతారు, ఈ రోజుల్లో ఫోటో లేని లింకుని మోసమేమో అని అనుమానిస్తున్నారు, అందులో తప్పు కూడా లేదు. ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు పెట్టమని మీ డెవలపర్‌కి చెప్పండి, ఆ మాట వింటే అతనికి అర్థమవుతుంది. ప్రతి విభాగానికీ ఒక మంచి చీర ఫోటో, బరువు తక్కువగా ఉన్నది, అక్కడ పెట్టించండి.

మ్యాపులో మీ షాపు

పోచంపల్లికి జనం ఊరికే కూడా వస్తారు. హైదరాబాద్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. 1951లో వినోబా భావే భూదానోద్యమం మొదలైన ఊరు, 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసిన ఊరు. ఆదివారం కారేసుకుని వచ్చినవాళ్లు ఊరు దగ్గరికి వచ్చాక ఫోన్ తీసి దగ్గర్లో ఇక్కత్ చీరల షాపులు ఎక్కడున్నాయా అని వెతుకుతారు. ఆ వెతుకులాటలో మొదట వచ్చేది మ్యాపు. అందుకే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ లేకుండా వెబ్‌సైట్ ఒక్కటే పెట్టుకోవడం సగం పని.

దూరం, మీరు అమ్మేది వెతికినదానికి ఎంత సరిపోతుంది, మీ షాపుకి ఎంత పేరుంది, ఈ మూడూ చూసి మ్యాపులో ఎవరిని ముందు చూపాలో నిర్ణయిస్తామని గూగుల్ స్వయంగా చెప్తుంది. దూరం మీ చేతుల్లో లేదు. మిగతా రెండూ ఉన్నాయి. కేటగిరీ "చీరల దుకాణం" అని సరిగ్గా ఎంచుకోండి, "షాపింగ్" అని వదిలేయకండి. ఆదివారం తెరిచి ఉంటే ఆ సంగతి పెట్టండి, పండక్కి మూస్తే ముందే మార్చండి, ఎందుకంటే యాభై కిలోమీటర్లు వచ్చి షట్టర్ చూసి వెనక్కి వెళ్లినవాళ్లు ఇచ్చే ఒక్క స్టార్ చాలాకాలం అలాగే ఉంటుంది. బయటి నుంచి షాపు ఎలా కనపడుతుందో ఒక ఫోటో, లోపల ఒకటి, మగ్గం మీద నేస్తున్నప్పుడు ఒకటి, బండి ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేలా ఒకటి. వెబ్‌సైట్ లింకు తప్పకుండా ఇవ్వండి. షాపు పేరు, అడ్రసు, ఫోన్ నంబర్ సైటులోనూ మ్యాపులోనూ జస్ట్‌డయల్, ఇండియామార్ట్ లాంటి చోట్లా ఒకేలా ఉండాలి, ఒకచోట పాత నంబర్ ఉంటే వెతికి మార్చండి.

రివ్యూలు అడగడానికి మొహమాటం వద్దు. చీర నచ్చి ఆనందంగా ఉన్నప్పుడే, వాట్సాప్‌లో రివ్యూ లింకు పంపి రెండు మాటలు రాయమనండి. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామని మాత్రం అనకండి, అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం, రివ్యూలు తీసేస్తారు. డబ్బిచ్చి రాయించుకునేవి ఇంకా ప్రమాదం. చెడ్డ రివ్యూ వస్తే గొడవ పెట్టుకోకుండా జరిగింది జరిగినట్టు రాసి, ఏం సరిచేస్తారో చెప్పండి. దాన్ని చదివేది రాసినావిడ ఒక్కరే కాదు, రేపు వచ్చేవాళ్లంతా చదువుతారు.

ఫోన్‌లో అడిగే ప్రశ్నలే మీ పేజీలు

అసలు పని ఇక్కడుంది, చాలామంది వదిలేసేదీ ఇదే. చీరల సైటు తెరిస్తే ఏముంటుంది? ఫోటో, ధర, "ప్రీమియం క్వాలిటీ" అని ఒక ముక్క. గూగుల్‌కి దాన్ని ఎవరికి చూపించాలో ఎలా తెలుస్తుంది? వెయ్యి సైట్లలో అదే మాట ఉంది.

ఒక నోటుపుస్తకం కౌంటర్ మీద పెట్టండి. కస్టమర్లు ఫోన్‌లో, వాట్సాప్‌లో, షాపులో అడిగే ప్రతి ప్రశ్ననీ వాళ్లు అడిగిన మాటల్లోనే రాసుకోండి. ఇది నిజమైన చేనేతేనా, పవర్‌లూమా? సింగిల్ ఇక్కత్‌కీ డబుల్ ఇక్కత్‌కీ తేడా ఏంటి, ధర అంత ఎందుకు ఎక్కువ? ఉతికితే రంగు పోతుందా? ఫోటోలో ఉన్న రంగే వస్తుందా? బ్లౌజ్ ముక్క ఉందా? పెళ్లికి పది చీరలు ఒకే రంగులో నేయించి ఇస్తారా, ఎన్నాళ్లు పడుతుంది? అమెరికాకి పంపుతారా? ఇవి మీకు రోజూ విని విసుగొచ్చిన ప్రశ్నలు. బయట మాత్రం ఎంతోమంది ఇవే గూగుల్‌లో కొడుతున్నారు, సరైన జవాబు దొరక్క తిరుగుతున్నారు. ఒక్కో ప్రశ్నకీ ఒక్కో పేజీ రాయండి.

ఉదాహరణకి అసలు ఇక్కత్‌నీ ప్రింటునీ గుర్తుపట్టడం. ఇక్కత్‌లో నేయకముందే నూలుకి చిటికి కట్టి, అంటే అక్కడక్కడా బిగించి కట్టి రంగు అద్దుతారు కాబట్టి డిజైన్ బట్టకి రెండువైపులా దాదాపు ఒకేలా కనపడుతుంది, డిజైన్ అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటాయి. ప్రింటు అయితే తిరగేసి చూస్తే వెలిసినట్టు ఉంటుంది, గీతలు మరీ కచ్చితంగా ఉంటాయి. ఈ నాలుగు మాటలు మీకు నిద్రలో అడిగినా వస్తాయి. వాటి పక్కన మీ చీరని తిరగేసి తీసిన ఫోటో, ప్రింటు బట్టని తిరగేసి తీసిన ఫోటో పెడితే, ఆ పేజీకి సాటి వచ్చే పేజీ పెద్ద కంపెనీల సైట్లలో కూడా దొరకదు. ఎందుకంటే వాళ్ల దగ్గర రాసేవాళ్లు ఉన్నారు గానీ మగ్గం లేదు. మీకున్న బలం అదే, దాన్ని వాడుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

డబుల్ ఇక్కత్ పేజీ కూడా అంతే. పడుగుకీ (నిలువు పోగులు) పేకకీ (అడ్డం పోగులు) రెండింటికీ ముందే రంగులద్ది, నేసేటప్పుడు రెండు డిజైన్లూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చునేలా చూడాలి, సింగిల్ అయితే ఏదో ఒక దానికే. ఆ పని ఎన్ని రోజులు పట్టిందో మీ ఇంట్లో నేసిన చీరనే చూపించి రాయండి, ధర ఎందుకు ఎక్కువో ఇక వేరే చెప్పక్కర్లేదు. ఆసు పోయడం గురించి, అంటే రంగు అద్దకముందు నూలుని మేకుల చుట్టూ తిప్పే పని గురించి రాయండి. ఆడవాళ్లు చేయి ముందుకీ వెనక్కీ వేలసార్లు ఆడించి, భుజాలు నొప్పులు పుట్టేలా చేసిన పని అది. ఆలేరు ప్రాంతం నుంచి వచ్చిన చింతకింది మల్లేశం దానికి యంత్రం కనిపెట్టి 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మీ ఇంట్లో ఆసు చేత్తో పోస్తున్నారా, యంత్రం మీదా? ఫోటోతో పెట్టండి. సిల్క్ మార్క్ లేబుల్, హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ ఏ చీరకి ఏది ఉందో, దానర్థం ఏమిటో ఇంకో పేజీ.

అమెరికాకి పంపడం గురించి రాసేటప్పుడు కాస్త జాగ్రత్త. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అక్కడ ఉన్న సుంకం మినహాయింపుని 2025 ఆగస్టు 29 నుంచి తీసేశారు, పాత లెక్కలు ఇప్పుడు పనికిరావు. మీ కొరియర్‌ని అడిగి, చీర ధర ఎంత, పంపడానికి ఎంత, సుంకం ఎవరు కడతారు, ఇవన్నీ తేదీ వేసి రాయండి, రూల్ మారినప్పుడల్లా పేజీ మార్చండి. డల్లాస్‌లో ఉన్న అమ్మాయికి ఈ పేజీ ఒక్కటి స్పష్టంగా కనపడితే మిగతా సైటుని నమ్ముతుంది.

ఇక ఏ మాటల్లో రాయాలి? మనవాళ్లు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, ఒక్కొక్కరు ఒక్కోలా. ఇక్కత్‌కి ఇంగ్లీషులో ఒక కె రాసేవాళ్లు, రెండు కెలు రాసేవాళ్లు, పోచంపల్లిలో ఎల్ ఒకటి వేసేవాళ్లు, రెండు వేసేవాళ్లు, అందరూ ఉన్నారు. చీరని శారీ అని కూడా రకరకాల స్పెల్లింగులతో కొడతారు. ఈ తేడాల్లో చాలావాటిని గూగుల్ తనే అర్థం చేసుకుంటుంది కాబట్టి ఒకే పేజీని నాలుగు స్పెల్లింగులతో నాలుగుసార్లు పెట్టకండి. ఎక్కువమంది ఏది వాడుతున్నారో గూగుల్ ట్రెండ్స్‌లో పోల్చి చూసి, టైటిల్‌లో అది పెట్టి, లోపల ఇంకోటి సహజంగా వచ్చేచోట రాయండి. ఇంగ్లీషు పేజీలతో పాటు ముఖ్యమైనవి తెలుగు లిపిలో విడిగా రాయడం మంచిది, తెలుగులో మాట్లాడి వెతికేవాళ్లున్నారు, పోటీ కూడా అక్కడ తక్కువ. యంత్రంతో అనువాదం చేసి అలాగే అతికించకండి, అత్తగారు ఒక్క వాక్యం చదివి పక్కన పెట్టేస్తారు. ఏఐతో ఒక్క రోజులో వంద పేజీలు పుట్టించే పని అసలు వద్దు, చదివేవాడికి పనికిరాని పేజీలు గుట్టలుగా పోయడాన్ని గూగుల్ 2024 మార్చి నుంచి స్పామ్ నిబంధనల్లో స్పష్టంగా చేర్చింది.

టైటిల్ విషయం. బ్రౌజర్ ట్యాబ్ మీదా, గూగుల్ ఫలితంలో నీలి అక్షరాల్లోనూ వచ్చేది అదే. చాలా సైట్లలో అది "హోమ్" అని ఉంటుంది. "పోచంపల్లి ఇక్కత్ పట్టుచీరలు, మగ్గం దగ్గర నుంచి నేరుగా" అని ఉంటే వెతికేవాళ్లకీ అర్థమవుతుంది, గూగుల్‌కీ అర్థమవుతుంది. మెటా కీవర్డ్స్ అని ఒక పెట్టె ఉంటుంది, దాన్ని ర్యాంకింగ్‌కి వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది, దాని మీద గంటలు ఖర్చు పెట్టకండి.

చేనేతలో ఇంకో ప్రత్యేకమైన చిక్కుంది. ఒక్కో చీర ఒక్కటే ఉంటుంది. అమ్ముడవగానే పేజీ తీసేస్తారు, గూగుల్ నుంచి ఆ పేజీకి వచ్చినవాళ్లకి "దొరకలేదు" అని వస్తుంది, మీరు సంపాదించుకున్న చోటు పోతుంది. తీయకండి. "ఇది అమ్ముడైంది, ఇలాంటివి ఇవిగో, ఇదే రంగులో నేయించాలంటే మాట్లాడండి" అని పెట్టండి. అమ్ముడైన మంచి చీర కూడా కస్టమర్‌ని తెస్తుంది, దానిలాంటిది కావాలని అడుగుతారు. గూగుల్‌లో పైకి తేవాల్సింది మాత్రం విడి చీరల పేజీలని కాదు, ఎప్పటికీ ఉండే విభాగాల పేజీలని. డబుల్ ఇక్కత్ పట్టు, కాటన్ ఇక్కత్, దుపట్టాలు, తానుల బట్ట. లింకులన్నీ వాటికే ఇవ్వండి.

ఫోటోలు, వేగం

ఫోన్‌తో తీసిన ఫోటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది. ఒక పేజీలో ఇరవై చీరలు అలాగే ఎక్కిస్తే బస్సులో కూర్చుని చూసేవాళ్లకి పేజీ తెరుచుకోకముందే స్టాప్ వచ్చేస్తుంది. స్క్వూష్ లాంటి ఉచిత సాధనంతో వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చి చిన్నవి చేసి ఎక్కించండి. పేజీ వేగం కొలిచే గూగుల్ సాధనం పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ లింకు పెట్టి మొబైల్ ఫలితం చూడండి, పేజీలో పెద్ద భాగం రెండున్నర సెకన్ల లోపు కనపడటం మంచి స్థాయి. వంద మార్కులు తెచ్చుకోవాలన్న పట్టుదల అక్కర్లేదు. గూగుల్ మీ సైటుని మొబైల్ రూపంలోనే చదువుతుంది, అందుకే కంప్యూటర్‌లో ఎలా ఉందో కాదు, పదివేల రూపాయల ఫోన్‌లో ఎలా ఉందో చూడండి.

ఫోటో ఫైలు పేరు కెమెరా ఇచ్చిన అంకెలతో వదిలేయకుండా రంగు, రకం రాయండి, ఫోటో గురించి రాసే ఆల్ట్ టెక్స్ట్ అనే పెట్టెలో చీర ఎలా ఉందో ఒక వాక్యం రాయండి. చీరల్ని ఫోటోలు చూసి వెతికేవాళ్లు చాలామంది. గూగుల్ మర్చంట్ సెంటర్‌లో మీ చీరల జాబితా ఉచితంగా ఎక్కించుకునే వీలుంది, సైటులో ధర, రిటర్న్ వివరాలు సరిగ్గా ఉంటే అది కూడా చేయండి.

ఇన్‌స్టా, యూట్యూబ్

వీటిలో ఫాలోవర్లు పెరగడం వేరు, సైటుకి రావడం వేరు. ఇన్‌స్టాలో పోస్టు కింద రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు. బయోలో అయిదు లింకుల దాకా పెట్టొచ్చు, స్టోరీలో లింకు స్టిక్కర్ పెట్టొచ్చు. రీల్‌లో సగం విషయం చూపించి మిగతాది పేజీలో ఉందని చెప్పండి, ఉదాహరణకి చీర తిరగేసి "ఇది అసలా నకిలీనా" అని అడిగి, గుర్తుపట్టే పద్ధతంతా లింకులో ఉందనండి. యూట్యూబ్ వీడియోలు ఏళ్ల తరబడి వెతుకులాటలో వస్తుంటాయి, మగ్గం చప్పుడుతో, పక్కన పాట లేకుండా, మీ నాన్నగారు చిటికి కడుతూ మాట్లాడిన ఎనిమిది నిమిషాల వీడియో చాలు. వివరణలో మొదటి వరసలోనే లింకు ఇవ్వండి. రెండూ చేసే తీరిక లేకపోతే ఒకటే చేయండి.

వెతికే రోజులు ముందే తెలుసు

శ్రావణమాసం, వరలక్ష్మీ వ్రతం, పెళ్లి ముహూర్తాలు, దసరా, సంక్రాంతి. వీటితో పాటు ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం, 2015 నుంచి జరుపుతున్నారు, ఆ వారం చేనేత గురించి వెతికేవాళ్లు, రాసేవాళ్లు ఎక్కువ. వ్రతానికి వారం ముందు పేజీ పెడితే గూగుల్ దాన్ని పట్టించుకునేసరికి వ్రతం అయిపోతుంది. రెండు మూడు నెలల ముందు పెట్టండి. ప్రతి ఏడాదీ కొత్త పేజీ వద్దు, లింకులో సంవత్సరం వేయకుండా ఒకే పేజీని ఏటా కొత్త చీరలతో నింపితే దాని బలం పెరుగుతూ పోతుంది.

ఇంకొకరు మీ పేరు చెప్పడం

వేరే సైట్లు మీకు లింకు ఇస్తే గూగుల్ దాన్ని ఒక నమ్మకంగా లెక్క వేస్తుంది, వాటి నుంచి జనం కూడా వస్తారు. మగ్గం చూడటానికి వచ్చే ఫ్యాషన్ కాలేజీ పిల్లలు, ప్రయాణాల గురించి రాసేవాళ్లు, మీ బట్ట కొని కుర్తాలు కుట్టే డిజైనర్లు, ఫోటోగ్రాఫర్లు, వీళ్లందరికీ టీ ఇచ్చి పంపించేయకుండా మీరు రాసిన ఆసు పేజీ, ఇక్కత్ పేజీ లింకు పంపండి. ప్రాజెక్టులోనో వ్యాసంలోనో వాడుకోమనండి. ఫోటోలు కావాలంటే ఇచ్చి, సైటు పేరు వేయమని అడగండి. అడిగితే చాలామంది వేస్తారు.

లింకులు అమ్ముతామని ఫోన్ చేసేవాళ్లకి మాత్రం వద్దని చెప్పండి. "మొదటి పేజీ గ్యారంటీ" అనేవాళ్లకి అంతకంటే గట్టిగా చెప్పండి. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన పత్రాల్లోనే రాసింది. వెయ్యి రూపాయలకి పదివేల విజిటర్లు అంటారు, వచ్చేవి మనుషులు కాదు, బాట్‌లనే ప్రోగ్రాములు, అవి చీరలు కొనవు, మీ లెక్కలు పాడుచేస్తాయి.

యాడ్స్

పైవన్నీ అయ్యాక, అప్పుడు. ఖాళీ సైటుకి డబ్బు పెట్టి జనాన్ని తెస్తే వచ్చిన దారినే పోతారు. గూగుల్ యాడ్స్‌లో మొదటిసారి దిగేవాళ్లకి రెండు చోట్ల డబ్బు కారిపోతుంది. ఒకటి, లొకేషన్ హైదరాబాద్ అని పెట్టినా మామూలుగా వచ్చే సెట్టింగ్‌లో హైదరాబాద్ మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఎక్కడున్నా వాళ్లకీ యాడ్ వెళ్తుంది, దాన్ని అక్కడ ఉన్నవాళ్లకే వెళ్లేలా మార్చండి. రెండోది, బ్రాడ్ మ్యాచ్. ఇక్కత్ చీర అని పెడితే ఇక్కత్ డిజైన్ డ్రాయింగులు, ప్రింటెడ్ చీరలు వెతికేవాళ్లకి కూడా చూపిస్తుంది. వారానికోసారి సెర్చ్ టర్మ్స్ జాబితా తెరిచి, పనికిరాని మాటలన్నీ నెగటివ్‌లో వేయండి. రోజుకి పోయినా బాధ లేనంత మొత్తంతో, ఒకే విభాగం పేజీకి మొదలుపెట్టండి. బిల్లు మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుందని లెక్కలో వేసుకోండి.

లెక్క ఎలా చూడాలి

విజిటర్ల సంఖ్య చూసి పొంగిపోవద్దు, కుంగిపోవద్దు. ఇరవై మంది వచ్చి ఇద్దరు వాట్సాప్‌లో అడిగితే, అది రెండు వేల మంది వచ్చి ఎవరూ అడగనిదానికంటే మేలు. సైటులో వాట్సాప్ బటన్ పెట్టేటప్పుడు మెసేజ్ ముందే నింపి ఉండేలా పెట్టించండి, "మీ వెబ్‌సైట్‌లో డబుల్ ఇక్కత్ పేజీ చూశాను" అని. అప్పుడు ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో వేరే అడగక్కర్లేదు. వాట్సాప్‌కి, కవరు మీది క్యూఆర్‌కి, ఇన్‌స్టాకి ఇచ్చే లింకుల చివర వేర్వేరు యూటీఎం ట్యాగులు (ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే చిన్న గుర్తులు) తగిలించండి, గూగుల్ ఎనలిటిక్స్‌లో ఏ దారి నుంచి ఎంతమంది వచ్చారో విడివిడిగా కనపడుతుంది.

నెలకోసారి ఓ గంట సెర్చ్ కన్సోల్‌తో కూర్చోండి. పెర్ఫార్మెన్స్ పేజీలో మీరు ఏ మాటలకి కనపడ్డారో, ఎంతమంది నొక్కారో ఉంటుంది, 16 నెలల వరకు వెనక్కి చూసుకోవచ్చు. బాగా కనపడి కూడా ఎవరూ నొక్కని పేజీకి టైటిల్ మార్చండి. సగటు స్థానం ఎనిమిది నుంచి ఇరవై మధ్య ఉన్న మాటలు చూడండి, అవి అంచుదాకా వచ్చి ఆగినవి, ఆ పేజీలో ఇంకో రెండు ఫోటోలు, ఇంకో ప్రశ్నకి జవాబు, మీ వేరే పేజీల నుంచి దానికి లింకులు చేర్చండి. మీరు ఎప్పుడూ రాయని మాటకి కనపడుతున్నారా? ఉదాహరణకి ఎవరో తేలియా రుమాలు (నూనె పట్టించిన నూలుతో నేసే ఒక రకం ఇక్కత్) కోసం వెతుకుతూ మీ దగ్గరికి వచ్చారా? అయితే దాన్ని నేసే పుట్టపాక ఊళ్లో మీకు తెలిసినవాళ్లతో మాట్లాడి ఆ పేజీ రాయండి, వచ్చే నెల రాయాల్సింది అదే.